వచ్చిన దారి చెప్పి అడుగు

మొన్న మంగళవారం మధ్యాహ్నం నేను చిత్తూరులో ఉన్న మా చెల్లెలితో ఫోనులో పోట్లాడుతూ ఉన్నాను. పోట్లాట అంటే మరీ పెద్దదేమీ కాదు, మా అమ్మ నూరే ఊరుబిండి పచ్చడిలో వెల్లుల్లి పడేదా పడేది కాదా అన్నది తగవు. డెబ్భై దాటిన అక్కచెల్లెళ్లకు ఇంతకంటే ముఖ్యమైన విషయం ఇంకేముంటుంది చెప్పండి. పక్కనే బల్ల దగ్గర ఆ చెల్లెలి మనవరాలు కంప్యూటరు ముందు కూర్చుని తన పని తాను చేసుకుంటోంది. ఫోన్లూ ఇంటర్నెట్టూ నడిచే కేబుళ్లను రేయింబవళ్లు కనిపెట్టుకుని ఉండే కంపెనీలో ఆ పిల్లకు ఉద్యోగం. వారంలో రెండు రోజులు ఏర్పేడు దగ్గరి ఆఫీసుకు పోయి వస్తుంది, మిగతా రోజులు తిరుపతిలో మా ఇంట్లోంచే పని చేస్తుంది. అందుకని ఊళ్ల మధ్య గీతలు గీసిన పటం ఒకటి మా ముందుగదిలో ఆమె తెర మీద ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది.

ఉన్నట్టుండి ఆ పిల్ల "అబ్బా!" అంది. తిరుపతికీ చిత్తూరుకూ మధ్య పచ్చగా ఉన్న గీత ఎర్రగా మారిపోయింది. ఏమైందే అని అడిగితే, "పాకాల పక్క రోడ్డు పని జరగతాండాది అవ్వా, జేసీబీ వాడు కేబుల్ తెంపేసినట్టుండాడు" అంది తాపీగా. నా చెవి దగ్గర మా చెల్లెలు మాత్రం వెల్లుల్లి గురించి ఇంకా దంచుతూనే ఉంది, ఒక్క అక్షరం కూడా పోలేదు. చిత్తూరు దారి తెగితే చిత్తూరు మనిషి గొంతు ఎట్లా వినబడుతోందని అడిగాను. ఆ పిల్ల నవ్వింది. "వేరే దారిన వస్తాండాది. తెగిందని తెలిస్తానే మిషన్లే ఒకదాన్నొకటి అడుక్కుని, యాడ సందు ఉండాదో సూసుకుని, కొత్త దారి పట్టేసినాయి. నువ్వు రెప్ప కొట్టేలోపల అయిపాయె."

వెల్లుల్లి పడేదేలే తల్లీ అని ఒప్పేసుకుని ఫోను పెట్టేశాను. ఎవరు వెతికారంటే ఎవరూ వెతకలేదట, ఎవరు కలిపారంటే ఎవరూ కలపలేదట! నా చెయ్యి నాకు తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది. ముప్ఫై ఏళ్ల కిందటి వరకూ అక్కడ టెలిఫోన్ ఆపరేటర్ల మైకు వేలాడుతూ ఉండేది. ఆ పిల్లను ఒక్క ప్రశ్న అడిగాను. "సరే, నా మిషను పక్క ఊరి మిషన్ను దారి అడుగుతుంది, అది ఇంకో ఊరిని అడుగుతుంది, ఆ ఊరు ఇంకో ఊరిని అడుగుతుంది. అట్లా అడుక్కుంటూ పోయి చివరికి తిరిగి నన్నే అడిగితే?"

ఆ పిల్ల కుర్చీ మొత్తం నా వైపు తిప్పి, "అవ్వా, ఈ మాట నీకెవరు సెప్పినారు?" అంది. తర్వాత నిదానంగా చెప్పింది. అట్లా సుడి తిరక్కుండా ఉండడానికి, దారి సంగతి ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయేటప్పుడు దాటి వచ్చిన చోట్ల పేర్లన్నీ వెంట మూటగట్టుకుని పోతుందట, ఆ మూటలో తన పేరే కనబడితే మిషను "ఇది నా దగ్గర్నుంచి పోయిందే" అని గుర్తుపట్టి ఆ దారి ఒల్లనంటుందట. నేను అట్లాగే దివాను మీద కూలబడ్డాను. ఎందుకంటే ఆ సూత్రం మా బోర్డు మీద, నా కళ్ల ఎదుట, నా తప్పు వల్ల పుట్టింది.

నేను తిరుపతిలో ఊళ్ల మధ్య ఫోన్లు కలిపే ట్రంకు బోర్డులో ఆపరేటరుగా చేరినప్పుడు నాకు ఇరవై ఒకటో ఏడు. మా నాయన చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా. మండీలో ఒకే ఒక్క ఫోను ఉండేది, దాని అవతల మాట్లాడే అమ్మాయి గొంతు ఆయన చెవికి ఏ కలెక్టరు గొంతుకన్నా గొప్పగా వినబడేదేమో, నన్ను ఆ ఉద్యోగంలో చూడాలని మహా ఆశపడినాడు. ఆ కాలం వాళ్లకు నేను ట్రంకాల్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు; బుక్ చేసి, అన్నం తిని, ఒక కునుకు తీసి లేచినా రాని కాల్ కోసం ఫోను పక్కనే కూర్చున్నవాళ్లే కదా మనమంతా. మనిషి ఎత్తు చెక్క బోర్డు, దాని నిండా చిల్లులు, ఒక్కో చిల్లు ఒక్కో ఊరి లైను. అవతలి ఊరు పిలిస్తే దాని పైనున్న బిళ్ల టప్పున కింద పడేది, తాడు చివరి పిన్ను ఆ చిల్లులో గుచ్చి ఊరి పేరు చెప్పేవాళ్లం, నేరుగా లైను లేని ఊరయితే మధ్య ఊళ్లను బతిమాలుకుని ఒకదాని తర్వాత ఒకటి కలుపుకుంటూ పోవాలి.

ఆ బోర్డుకు మహారాణి మా సీనియర్ అక్క. చిత్తూరు అవతల అరవ సరిహద్దు పల్లె ఆమెది, తెలుగు ఎంత బాగా మాట్లాడేదో అరవం అంత బాగా తిట్టేది. లైన్ల పటం ఒకటి గోడకు ఉండేది కానీ ఆమె దాని వైపు చూడగా నేనెన్నడూ ఎరగను. ఆమెకు ఒక అలవాటు ఉండేది, బస్సెక్కితే కిటికీ పక్క సీటు దొరికితే గానీ కూర్చునేది కాదు. పెండ్లికి పోతున్నా చావుకు పోతున్నా, కొండలూ కోనలూ కాదు ఆమె చూసేది, రోడ్డు వెంబడి టెలిఫోన్ స్తంభాల మీద తీగలెన్ని ఉన్నాయని. ఎక్కడ నాలుగు తీగలు వచ్చి రెండయ్యాయో, ఆ రెండూ ఏ దోవకు మళ్లాయో లెక్కపెట్టుకునేది. ఒకసారి నేను ఆమె పక్కన కూర్చుని కాణిపాకం పోతూ, వినాయకుడి గురించి ఏదో చెబుతుంటే, "ఉండు పాపా, ఈడ ఒక తీగ తగ్గింది" అని నా నోరు మూయించింది. తీగలతో పోలేదు, మనుషుల లెక్క కూడా ఆమె దగ్గర ఉండేది. ఏ ఊరి ఆపరేటరు ఎన్నింటికి అన్నానికి లేస్తుంది, ఎవరికి చెవి మందం, ఎవరికి కోపం ఎక్కువ, తమ ఊరి ఫోను తానే చూసుకునే నగరి పోస్టుమాస్టరు మధ్యాహ్నం ఒక కునుకు తీస్తాడు గనుక ఆయన్ను లేపాలంటే ఎన్ని గంటలు కొట్టాలి, ఇవన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

అది కార్తీకం. మూడు రోజులుగా ఆగకుండా వాన. పాకాల అవతల చెట్లు విరిగి స్తంభాల మీద పడి చిత్తూరు లైన్లన్నీ మధ్యాహ్నం రెండింటికి చచ్చిపోయాయి, బస్సులు అంతకు ముందు రోజే నిలిచిపోయాయి. రెండు దాటాక బుకింగు కిటికీ దగ్గరికి ఒక మనిషి తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చాడు. బస్టాండు పక్క సందులో దర్జీ, మా రవికలు కూడా ఆయనే కుట్టేవాడు, మేమంతా భాయ్ అని పిలిచేవాళ్లం. ఆయన భార్య కడుపునొప్పితో వేలూరు పెద్దాసుపత్రిలో ఉంది. వేలూరు నుంచి పక్క బట్టలంగడికి కాల్ వచ్చి, మాట్లాడుతుండగానే మధ్యలో తెగిపోయిందట.

"పేగుకు చీము పట్టిందంట అక్కా, నాలుగు కొట్టేలోపల కోస్తేనే మనిషి దక్కుతాదంట," అన్నాడు, పండ్లు కటకట కొట్టుకుంటున్నాయి. "మా అత్త కోతకు ఒప్పుకునే కాగితం మీద ఏలిముద్ర ఏయనని మొండికేసి కూసుండాది. అల్లుడు ఊ అంటేనే ఏస్తానంటాది. నేను ఊ అనే లోపలే లైను పాయె. ఒక్క మాట అక్కా, ఒక్క మాట ఆడికి చేరిస్తే సాలు."

వేలూరుకు మాకు దారి చిత్తూరు మీదుగానే. అక్క అప్పుడు నా పక్క సీటులో వరద ఆఫీసర్ల కాల్స్‌తో ఊపిరి తిరగకుండా ఉంది, నేనే చూసుకుంటానని చెప్పాను. చెప్పాను కాదు, గొప్పకు పోయాను. చేరి ఏడాది కాలేదు, అక్క లేకుండా ఒక పెద్ద కాల్ పట్టి చూపించాలని నా కోరిక. మద్రాసు లైన్లు అడుగు పెట్టే సందు లేకుండా ఉన్నాయి. శ్రీకాళహస్తిని పట్టుకున్నాను, కాళహస్తి ఆమె నాయుడుపేటను పట్టింది, నాయుడుపేట నెల్లూరును పట్టింది. మద్రాసు దొరకడం లేదమ్మా, ఇంకో దారి చూస్తా ఉండు అని నెల్లూరు ఆమె ఎవరినో అడిగింది, వాళ్లు ఇంకెవరినో అడిగారు. చెవిలో ఒక్కో ఊరూ టక్కుమని కలుస్తుంటే నా గుండె పొంగిపోతోంది. కిటికీ అవతల దర్జీ భాయ్ నా ముఖాన్నే చూస్తూ నిలబడ్డాడు, నేను ఆయనకు చేత్తో ఉండు ఉండు అని సైగ చేశాను. అప్పుడు అక్క ముందున్న రాజంపేట బిళ్ల టప్పున పడింది. అక్క పిన్ను గుచ్చి "తిరుపతి" అంది.

ఆ మాట నాకు రెండుసార్లు వినబడింది. పక్క నుంచి ఒకసారి, చెవికున్న యంత్రంలోంచి ఒకసారి.

"వేలూరు కావాలండీ," అన్నాను నేను, ఇంకా అర్థం కాక. అక్క తల తిప్పి నా వైపు చూసింది. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, నెల్లూరు కడపను అడిగిందట, కడప రాజంపేటను అడిగింది, వేలూరంటే తిరుపతి మీదుగానే కదా అని రాజంపేట మమ్మల్ని అడిగింది. ఎవరి తప్పూ లేదు, అందరూ సరైన దారే చెప్పారు. అర్ధగంటసేపు అయిదు ఊళ్ల లైన్లు కట్టిపడేసి, నేను నా పక్క సీటు మనిషితో మాట్లాడాను. గడియారం మూడు దాటి అయిదు నిమిషాలు చూపిస్తోంది. ఇంకొకరి పెండ్లాం ప్రాణం నా గొప్పతో పోయిందే అని ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏడిస్తే లైను దొరకతాదా? లెయ్యి, తాళ్లన్నీ పీకి పారెయ్యి," అంది అక్క. తన దగ్గరున్న ఆఫీసరును ఒక్క నిమిషం అని పక్కకు పెట్టి, కళ్లు మూసుకుంది. ఆమె కనురెప్పల వెనక బస్సు కిటికీ ఏదో కదులుతోందని నాకు ఇప్పటికీ నమ్మకం. కళ్లు తెరిచి, "పెద్దూళ్లన్నీ ఒకర్నొకరు తొక్కుకుంటాండారు. రైలుకట్ట ఎంబడి సన్న లైను ఒకటుండాది, దాని జోలికి ఎవురూ పోరు," అంది. ఆ తర్వాత నా వైపు చూసి, ఈ జన్మకు మరిచిపోలేని మాట చెప్పింది. "ఇంక నుంచి ఎవుర్ని అడిగినా వచ్చిన దారి చెప్పి అడుగు. యాడెక్కడ దాటి వచ్చినామో వినబడితే, వాళ్లు మనల్ని మళ్లా ఆడికే తోలరు."

మొదట పుత్తూరును పిలిచింది. విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరు కదా అది, ఆ తొందరలో కూడా అక్క నోరు ఊరుకోలేదు. "ఇరిగిన కాలికైనా తెగిన లైనుకైనా మీరే గతి తల్లీ" అని నవ్వించి మరీ నగరి అడిగింది. నగరి పోస్టుమాస్టరు కునుకు మీదున్నాడు, మూడు పొట్టి గంటలు ఒక పొడుగు గంట కొట్టి లేపింది. "తిరుపతి, పుత్తూరు దాటి వస్తాండాం సామీ, తిరుత్తణి కావాల." తిరుత్తణి నుంచి భాష మారిపోయింది, అక్క అరవంలోకి దిగింది, అక్కడా అదే వరస, తిరుపతి పుత్తూరు నగరి దాటి వచ్చామని చెప్పి అరక్కోణం అడిగింది. అరక్కోణం ఆమె మద్రాసు మీదుగా పోయి రమ్మంటే, ఒద్దమ్మా, ముందుకే తప్ప పక్కకు పోవద్దని బతిమాలింది. మూడూ ముప్పావుకు వేలూరు ఆసుపత్రి గుమాస్తా పలికాడు. అత్తను ఫోను దగ్గరికి తీసుకొచ్చారు.

అన్ని ఊళ్లు దాటేసరికి గొంతు ఊపిరంత సన్నమైపోయింది. పక్కనున్న ఫోను బూత్‌లో దర్జీ భాయ్ అరుస్తున్నాడు గానీ అవతల ఏమీ వినబడడం లేదు. అప్పుడు మేం అప్పుడప్పుడూ చేసే పని చేశాం, ఒక ఊరి ఆపరేటరు విన్న మాటను పక్క ఊరికి తాను చెప్పడం, ఆమె ఆ పక్క ఊరికి చెప్పడం. "ఏలిముద్ర ఎయ్యమన్నాడు" అన్న మాట అట్లా నోటి నుంచి నోటికి పోయింది. జవాబు వెనక్కి వచ్చింది. ముసలామె నమ్మడం లేదు! ఎవరో ఆడమనిషి అరవంలో చెబితే అల్లుడి మాటని ఎట్లా అనుకోవాలంట. నిజంగా అల్లుడే అయితే, పెండ్లికి తనకు కుట్టిచ్చిన రవికకు హుక్కులు ఎన్నో చెప్పమందట.

భాయ్ బూత్ తలుపు తీసుకుని బయటికి వచ్చి, తల పట్టుకుని, నవ్వో ఏడుపో తెలియని ముఖంతో మా అందరి ముందూ చెప్పాడు. "హుక్కులు ఎయ్యనేలేదక్కా. పెండ్లి పనుల్లో మరిచిపోయినా. పిన్నీసులు పెట్టుకుని వచ్చింది నా పెండ్లికి. పదేండ్లయినా సాధిస్తానే ఉండాది."

"హుక్కుల్లేవు, పిన్నీసులు." అక్క పుత్తూరుకు చెప్పింది, పుత్తూరు అమ్మాయి కిసుక్కున నవ్వి నగరికి చెప్పింది. నగరి పోస్టుమాస్టరు పాపం నిష్ఠాపరుడు, పరాయి ఆడవాళ్ల రవిక సంగతి నోట పలకడానికి ఒకటికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, "రామ రామ" అని ఆయన గొణగడం నాకు స్పష్టంగా వినబడింది, అయినా పలికాడు మహానుభావుడు. తిరుత్తణిలో అది అరవమయ్యింది. అరక్కోణం దాటింది. తర్వాత ఏమీ వినబడలేదు. వరద ఆఫీసరు సంగతి అందరం మరిచిపోయాం. నాలుగుకు అయిదు నిమిషాలుండగా జవాబు ఒక్కో ఊరూ ఎక్కి దిగి మా దాకా వచ్చింది. ఏసింది. ముసలామె వేలిముద్ర ఏసింది.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం పుత్తూరు బిళ్ల పడింది, పలికింది మాత్రం అరక్కోణం. అరక్కోణం మమ్మల్ని నేరుగా పిలిచే ఊరే కాదు, దారి వెతుక్కుని మరీ పిలిచింది. మీ దర్జీ వచ్చాడు, వెంట భార్యా అత్తా ఉన్నారు, భార్య నడుస్తోంది, అని చెప్పింది. పదకొండింటికి తిరుత్తణి, ఒంటిగంట దాటాక నగరి, మూడింటికి పుత్తూరు. చిత్తూరు రోడ్డు అప్పటికి బాగుపడినా, ఆయన మా కాల్ పోయిన దారినే పట్టుకుని, ప్రతి ఊళ్లో బస్సు దిగి, టెలిఫోన్ ఆఫీసు ఎక్కడని అడిగి, భార్యను కిటికీ ముందు నిలబెట్టి, ఈమే అని చూపించుకుంటూ వచ్చాడు. బస్సు ఇంకా రేణిగుంట చేరకముందే మాకు అంతా తెలిసిపోయింది. సాయంత్రం ముగ్గురూ మా కిటికీ దగ్గర నిలబడ్డారు. భార్య బక్కచిక్కిన చెయ్యి లోపలికి చాపి అక్క చెయ్యి పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. అత్త మాత్రం పైట సర్దుకుని, "సూడండమ్మా, ఇప్పుడు హుక్కులు ఏసినాడు," అంది. బోర్డులో వాళ్లమంతా నవ్వుతూ ఏడ్చేశాం.

ఆ ఏటి నుంచి మా చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో దారి చెప్పి అడగడం అలవాటైపోయింది. తర్వాత ఆటోమేటిక్ డయలింగు వచ్చింది, బోర్డును విప్పి లారీలో ఎక్కించారు. అక్క పదవీ విరమణ చేసిన కొన్నేళ్లకే పోయింది, ఆమె తలలోని పటం ఆమెతోనే పోయిందని నేను అనుకుంటూ ఉన్నాను. మొన్నటి దాకా.

ఇదంతా విని ఆ పిల్ల మళ్లీ తెర వైపు తిరిగింది. నాకు ఒక్కసారిగా తట్టింది, మధ్యాహ్నం మా వెల్లుల్లి తగవు ఏ దారిన పోయిందో చదవమన్నాను. ఆమె వెనక్కి వెతికి, తెర మీద వేలు పెట్టి ఒక్కో పేరే చదివింది. "పుత్తూరు... నగరి... తిరుత్తణి..." అక్కడ ఆగి నా ముఖం చూసింది. మిగతా రెండూ నేనే చెప్పాను. అరక్కోణం, వేలూరు, అక్కడి నుంచి వెనక్కి చిత్తూరు. రైలుకట్ట ఉన్న చోటే కేబుల్ కూడా పరుస్తారు అవ్వా, అందుకే ఆ దారి దొరికింది అంది ఆ పిల్ల, నన్ను ఓదార్చినట్టుగా. నిజమే కావచ్చు. కానీ అక్క కళ్లు మూసుకుని వెతికిన దారిని, అక్కను ఎన్నడూ చూడని యంత్రం రెప్పపాటులో వెతికి పట్టుకుంది, నేను చేతులెత్తి దండం పెట్టాను, ఆ తెరకో అక్కకో నాకే తెలియదు.

ఆ పేర్ల మూటను చివరికి ఏం చేస్తారే అని అడిగాను. కొన్నాళ్లుంచి చెరిపేస్తారట. అవసరం ఏముంది, మాట చేరిపోయింది కదా అంది. చేరిపోయింది, తప్పు లేదు. మా రోజుల్లో ఒక మాట వేలూరు చేరితే, అది చేరిందని దారి పొడుగునా అయిదుగురికి తెలిసేది, సాయంత్రం ఇంటికి పోయి అన్నం తింటూ ఆమె బతికిందో లేదో అని వాళ్లు అనుకునేవాళ్లు. ఇప్పుడు తెగిందనీ తెలియదు, అతుక్కుందనీ తెలియదు, బస్సు దిగి చెప్పుకుందామన్నా ఆ దారిలో కిటికీ వెనక మనిషి లేడు.

పొద్దుగూకాక మా చెల్లెలికి మళ్లీ ఫోను చేశాను. ఆమె హలో అనగానే, "తిరుపతి, పుత్తూరు, నగరి, తిరుత్తణి, అరక్కోణం, వేలూరు దాటి వస్తాండా," అన్నాను. నీకేమన్నా మతి పోయిందా అక్కా అని కసిరింది. పోనీలే అని, అమ్మ ఊరుబిండిలో వెల్లుల్లి వేసేదే కాదని మళ్లీ మొదలుపెట్టాను.